అవ్వ ఎండేసిన రాగులు

నా చిన్నప్పుడు కాడుగోడిలో మా బడి మైదానం మగపిల్లలదే. ఎక్కడా రాసిలేదు, అయినా అందరికీ తెలుసు. ఆటల పీరియడ్ గంట కొట్టగానే వాళ్ళు బంతి పట్టుకుని బయటికి ఉరికేవాళ్ళు, మేము వరండాలో కూర్చుని అచ్చనగాయలు ఆడేవాళ్ళం. ఆ ఏడు నాకు ఒకటే పిచ్చి పట్టింది, చుట్టుపక్కల బళ్ళ మధ్య జరిగే పరుగు పందెంలో ఉరకాలని. పీటీ సార్‌ని అడిగితే, "ఆడపిల్లలు ఎండలో ఎగిరితే మీ ఇంట్లోవాళ్ళు నన్ను తిడతారు, పోమ్మా పో" అన్నాడు. ఇంటికొచ్చి వెక్కి వెక్కి ఏడ్చాను.

మా అవ్వ ఓదార్చలేదు. ఓదార్చే అలవాటు ఆవిడకు లేదు. కోతలయ్యాక ఊళ్ళోవాళ్ళు బడి మైదానంలో ఓ వారగా రాగులు ఎండేసుకోవడం ఎప్పటినుంచో ఉన్నదే, ఏ హెడ్మాస్టరూ కాదనలేదు. ఎప్పుడూ మిద్దె మీద ఎండేసే మా అవ్వ, ఆ ఏడు మూటలు మోయించుకొచ్చి సరిగ్గా మైదానం నడుమ పరిచింది. ఆటల గంట కొట్టగానే వరండా దగ్గరకొచ్చి మమ్మల్ని కేకేసింది. ఎండేసిన గింజల్లో కాళ్ళతో సాళ్ళు తీస్తూ నడిచి తిరగెయ్యాలి, పావురాలను తోలాలి. పావురాలేమో ఈ చివర తోలితే ఆ చివర వాలతాయి. ఇంకేం, ఉరకడమే మా పని.

పీటీ సార్ వచ్చి ఇదేమిటని అడిగాడు.

"పనప్పా, పని. పిల్లోళ్ళు రాగులు కాస్తా ఉండారు. ఆడుకునేదానికి వచ్చినారా ఏమి?" అంది అవ్వ.

ఆయన తల గోక్కుని వెళ్ళిపోయాడు. ఆడపిల్లలు పనిచేస్తుంటే ఎవరికీ నొప్పి ఉండదని అవ్వకు బాగా తెలుసు. రాగులు ఎప్పుడో ఎండిపోయాయి. అవ్వ మాత్రం "ఇంకా పచ్చిగానే ఉండాయి" అంటూ రోజూ పరుస్తూనే ఉంది.

ఒకరోజు సార్ నా పరుగు చూసి "బాగా ఉరుకుతుందే!" అన్నాడు. నా కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆ వెంటనే, ఆడపిల్లల వెంట వెళ్ళడానికి లేడీ టీచర్ లేదు కాబట్టి నన్ను పందేనికి తీసుకెళ్ళడం కుదరదన్నాడు. అవ్వ "నేనొస్తానప్పా" అంది. "నువ్వు టీచరువి కాదు కదవ్వా" అన్నాడు. పందెం రోజు మగపిల్లలు వ్యాను ఎక్కి వెళ్ళారు. ఆ సాయంత్రం అవ్వ రాగులు మూటకట్టింది. "ఉరికినన్ని దినాలు ఉరికితివి కదే, సాల్లే" అంది, నా వైపు చూడకుండా. మర్నాటి నుంచి మళ్ళీ వరండానే.

ఇప్పుడు మహదేవపురలో మా అపార్ట్‌మెంటు ఎదురుగా పార్కుంది. నడవమని డాక్టరు చెప్పి ఏళ్ళయింది. పొద్దున్నే వెళతాను, చేతిలో ఒక గుడ్డసంచితో. ఎవరైనా పలకరిస్తే "పాలకు పోతున్నా" అంటాను. మాకు పాలు గుమ్మం దగ్గరికే వస్తాయి. ఇదంతా అవ్వ నేర్పిన ఉపాయమే. నన్ను మైదానంలోకి దింపింది అదే, ఏదో ఒక సాకు లేకుండా కాలు బయటపెట్టలేకుండా చేసిందీ అదే. అవ్వ మీద కోపం లేదు, పాపం ఆవిడ చేతిలో ఉన్నది అదొక్కటే. విసుగు మాత్రం ఉంది, చెప్పలేనంత.

మొన్న మా అమ్మాయి "ఖాళీ సంచి ఎందుకమ్మా రోజూ మోస్తావు? ఇక్కడ పెట్టి పో" అంది. నిజమే కదా అని గుమ్మం పక్కన పెట్టాను. లిఫ్టు దాకా వెళ్ళి, వెనక్కొచ్చి తెచ్చుకున్నాను.