శుక్రవారం నాటి ఇంటి పన్ను

రాయగడలో ఇంటి పన్ను వసూలు చేసే తోమాసు నోట్లో నాలుక లేని మనిషి. గడప ముందు నిలబడి దగ్గుతాడే తప్ప గొంతెత్తి పిలవడు. "రేపు రా" అంటే రేపు వస్తాడు. అలాంటివాడికి పందొమ్మిది వందల అరవై ఒకటి మార్చి నెలంతా కంటి మీద కునుకు లేదు.

ఊరు తన ఇంటి పన్నులో ముప్పాతిక భాగం నెలాఖరులోగా రాబట్టుకుంటేనే సర్కారు తన రాబడిలో ఆ ఊరికి వాటా పంపుతుంది. ఆ వాటాతోనే రెండు మంచాల కాన్పుల గది నడుస్తోంది. అందులో పురుళ్ళు పోసే నర్సు తోమాసు భార్య సారమ్మ. వాటా రాకపోతే గదికి తాళమేనని గుమాస్తా ఉమాపతి ముందే చెప్పేశాడు.

మిగిలింది బజారు వీధి ఒక్కటే. ఆఖరు రోజున ఇస్తామన్నారు ఆ వీధివాళ్ళు. తోమాసు తలూపాడు. ఆ రోజు శుభ శుక్రవారమని, చర్చిలో ప్రార్థన మానుకుని తిరగాలని అతనికి గుర్తుంది. వాళ్ళకూ అది శుక్రవారమేనన్న సంగతి మాత్రం తట్టలేదు.

పొద్దున్నే మొదటి ఇంట్లోనే కృష్ణవేణమ్మ నవ్వింది. బట్టల కొట్టు వాళ్ళావిడ. ఆవిడ మాటే ఆ వీధికి మాట.

"శుక్రోరం పూట లచ్చిమిని గడప దాటించమంటావేటి తోమాసూ? మతుండే అడిగేవా?"

"ఇయాలే ఆకరమ్మా. రేపిస్తే సెల్లదు. గది మూసెస్తారు."

"ఏ గది?"

"సారమ్మ గది."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. ఇద్దరు మనవలూ ఆ గదిలోనే పుట్టారు. చిన్నది అడ్డం తిరిగినప్పుడు సారమ్మే తల్లినీ పిల్లనూ దక్కించింది. ఆవిడ గడపకేసీ తోమాసుకేసీ మార్చి మార్చి చూసి అంది.

"నీకైతే ఇవ్వను. సారమ్మని పంపు. శుక్రోరం ముత్తయిదుక్కి వాయినం ఇస్తే దోసం లేదు. నువ్వు బతికే ఉన్నావు గదా, ఆవిడ ముత్తయిదే!"

తోమాసుకు నవ్వు రాలేదు. సారమ్మ కోసం చర్చికి నడిచాడు. వాయినానికి పసుపు రాయించుకున్న ఒకామెను చర్చి సంఘం ఏడాదిపాటు వెలి పెట్టిన సంగతి అతనికి తెలుసు. లోపల సిలువ మీది మాటలు చదువుతున్నారు. కిటికీ దగ్గర దగ్గాడు. సారమ్మ బయటికొచ్చి అంతా విన్నది.

"పాస్టరయ్యగారు సూస్తే?"

"సూస్తారు."

"మరైతే నువ్వేటంటావు?"

తోమాసు చేతిలోని రసీదు పుస్తకం అటూ ఇటూ తిప్పాడు. సారమ్మ కాసేపు అతని మొహం చూసి, చేతిలోని బైబిలు అతనికిచ్చి బజారు కేసి నడిచింది.

కృష్ణవేణమ్మ పసుపు గిన్నెతో వంగింది. "కాళ్ళకి రాయండమ్మా. నుదురు మాత్రం ముట్టకండి," అంది సారమ్మ. తాంబూలంతో పాటు పన్ను డబ్బు ఆమె కొంగులో పడింది. ఇల్లిల్లూ అదే తంతు. వెనకాల తోమాసు చెమటలు కక్కుతూ రసీదులు రాశాడు. పొద్దు వాలకముందే ఉమాపతి డబ్బు లెక్కపెట్టుకుని, "సరిపోయింది," అన్నాడు. తోమాసు అతని చేత రెండోసారి లెక్క పెట్టించాడు.

ఈస్టరు ఉదయానికి కబురు సంఘమంతా పాకింది. ఆరాధనకు ముందే సంఘ పెద్ద శుభాకర్ వాళ్ళ బెంచీ దగ్గరికి వచ్చాడు.

"పసుపు రాయించుకున్నావంట?"

"రాయించుకున్నానండి."

"పశ్చాత్తాపపడు, సారమ్మా."

"గది మూసేసుంటే పడుదునండి."

ఆ రోజు ప్రభు బల్లలో రొట్టె, ద్రాక్షారసం ఆమెకు లేవన్నారు. తోమాసును ఎవరూ ఏమీ అనలేదు. ద్రాక్షారసం గిన్నె వరసలు దాటి అతని దగ్గరికొచ్చింది. రెండు చేతుల్తో అందుకున్నాడు. పక్కన సారమ్మ తల వంచుకుని ఉంది. గుక్కెడైనా తాగకుండా గిన్నెను ఆమె మీదుగా అవతలి మనిషికి అందించేశాడు. శుభాకర్ అది చూశాడు. తనను చూశాడని తోమాసుకూ తెలిసింది. దగ్గు రాబోతే ఆపుకుని, నిటారుగా కూర్చున్నాడు.