తడిగుడ్డ ఆరేలోగా

ఇస్త్రీపెట్టె కింద తడిగుడ్డ నుంచి లేచే ఆవిరి వాసన వస్తే నేనిప్పటికీ ఆ గదిలో ఉండలేను. ఆ వాసనలో మెదక్ ఎండాకాలం ఉంటుంది, బాపు పాత పెట్రోలు కారు ఉంటుంది, దాని ఇంజనుకు చుట్టిన అమ్మ చీరముక్క ఉంటుంది.

బాపు ఊరూరి అంగళ్లకు బట్టల మూటలు తీసుకుపోయేవాడు. అమ్మ చనిపోయాక, వేసవి సెలవుల్లో నన్ను ఒంటరిగా వదలలేక వెంట తీసుకెళ్లేవాడు. వెనక సీటు నిండా కొత్తబట్టల గంజి వాసన, కాళ్ల దగ్గర జొన్నరొట్టెల మూట, మామిడికాయ తొక్కు, కిటికీలోంచి పెదవులు పగలగొట్టే వడగాలి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు కారు తాళం తిప్పగానే లేచేది. ఎండలో కొంతదూరం నడిచాక చాయకో నీళ్లకో ఆపితే మాత్రం మళ్లీ కదిలేది కాదు. ఆ వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోయేదట. అప్పుడు బాపు బానెట్ లేపి, చీరముక్క తడిపి పెట్రోలు పంపుకు చుట్టి, నన్ను వేపచెట్టు నీడన కూర్చోబెట్టుకునేవాడు.

ఇంట్లో అమ్మ పేరెత్తితే లేచి వాకిట్లోకి వెళ్లిపోయే మనిషి, ఆ నీడలో, చూపు బండి మీదే ఉంచి, తనంతట తానే అమ్మ ముచ్చట్లు చెప్పేవాడు. బతుకమ్మ పండుగకు రొట్టె, బెల్లం నలిపి మలీద ముద్దలు కడుతూ సగం తనే తినేసేదని, తంగేడు పువ్వు కోసం గట్లు దూకేదని. గుడ్డ ఆరి, ఇంజను లేచిందంటే ముచ్చట ఆగిపోయేది.

ఒకనాడు ఎల్దుర్తి తోవలో అన్నాడు: "మీ అమ్మ ఒక్కపారి గీ బండి నడిపింది, ఎరుకేనా?"

"అమ్మనా! యాడిదాంక నడిపింది బాపూ?"

తనలో తనే నవ్వుకుంటూ వెళ్లి తాళం తిప్పాడు. ఇంజను లేచింది. "ఎక్కు, ఎక్కు. మిగిలింది మల్ల ఆగినప్పుడు చెప్త."

ఆ రోజే అంగట్లో, నీడకు జరుపుదామంటే కారు మొరాయించింది. జనం మూగారు. బాపు చీరముక్క చుడుతుంటే నా ఈడు పిల్లలు అరిచారు: "అరేయ్, చీర కడితెనే కదుల్తదారా మీ బండి? పెండ్లిపిల్లనా ఏంది!" అందరూ నవ్వారు, బాపు కూడా. నా మొహం మాడిపోయింది.

మరునాడు మా వీధి చివరి మెకానిక్ చాచా దగ్గరికి పోయి, బండి ఎండకు ఆగకుండా చెయ్యమని బతిమాలాను.

"మీ బాపుకు శానసార్లు చెప్పిన బేటా, వద్దంటడు. ఆయనకు జర ఆగుడే ఇష్టం."

"బాపే చెయ్యమన్నడు చాచా," అని అబద్ధమాడాను.

చాచా పెట్రోలు గొట్టాన్ని వేడి పొగగొట్టానికి దూరంగా మళ్లించి, మధ్యలో రేకుముక్క బిగించాడు. బాపు వచ్చి చూశాడు. చీరముక్కను మడిచి సీటు కింద పెట్టుకున్నాడు.

ఆ తర్వాత కారు ఎంత ఎండకూ మొరాయించలేదు. రేగోడ్ పోయినా, నిజాంపేట పోయినా, చాయ తాగి తాళం తిప్పితే చాలు, లేచేది. ఎవరూ నవ్వలేదు. వేపచెట్లు వెనక్కి జరిగిపోతుంటే బాపు రోడ్డునే చూస్తూ నడిపేవాడు. "జర ఆపు బాపూ" అనబోయి, కిటికీ వైపు తిరిగేవాణ్ణి. పెద్దవాణ్ణయ్యాక కూడా ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో, ఎదురెదురుగా కూర్చుని అన్నం తిన్నాం. మిగిలిన ముచ్చట నేను అడగలేదు. అడగకపోతేనే ఆయనకు నయమని నాకు నేను చెప్పుకున్నాను గాని, అది నా పిరికితనం.

బాపు ఇప్పుడు లేడు. కారు తుక్కు కింద పోయింది, సీటు కింది చీరముక్క కూడా దానితోనే పోయింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు వేపచెట్లు కొట్టేశారు. ఎల్దుర్తి వైపు వెళ్లినప్పుడు, ఆ చోటు ఇదేననుకుని నా కారు ఆపి, ఎండలో కాసేపు కూర్చుంటాను. తాళం తిప్పగానే అది లేస్తుంది.

అమ్మ ఆ బండిని ఎక్కడిదాకా నడిపిందో నాకు తెలియదు.