ఆ మూడు ముక్కలు

కాలిఫోర్నియాలోని గార్డీనాలో పేకాట క్లబ్బుకి పోయేవాళ్ళలో సగం మంది ఇంట్లో అబద్ధం చెప్పి పోతారు. పళ్ళ డాక్టరు దగ్గరికని ఒకరు, చర్చిలో కుట్టుపని ఉందని ఇంకొకరు. లియోటా బ్రాండ్‌వోల్డ్ మాత్రం ఎవరడిగినా "పేకాటకి" అని చెప్పి, చేతిసంచీ చంకన పెట్టుకుని బస్సెక్కేది. అరవై దాటిన విధవరాలు. యుద్ధకాలంలో విమానాల ఫ్యాక్టరీలో రెక్కలకు రివెట్లు కొట్టిన మనిషి. చర్చి ఆడవాళ్ళు ఆవిడ కోసం ప్రార్థన చేస్తామన్నారు. నిక్షేపంగా చేసుకోండి, మధ్యాహ్నం పూట మాత్రం వద్దు, నేను పనిలో ఉంటాను, అని చెప్పింది.

ఆవిడ భర్త ఆరిన్ మంచివాడే, మంచి ఆటగాడు కూడా. ఏ ముక్క వచ్చే అవకాశం ఎంతో వేళ్ళ మీద చెప్పేవాడు. కానీ ఎవడైనా తనని చూసి నవ్వితే తట్టుకోలేడు. ఆ నవ్వినవాడి చేతిలో ఏముందో చూసి తీరాలి, చూడాలంటే డబ్బు కట్టాలి. ఓడినకొద్దీ పెద్ద పందేల బల్లకి మారేవాడు, పోయిందంతా ఒక్క ఊపులో రాబట్టాలని. కొత్త పేక తెమ్మనేవాడు, కుర్చీ మార్చేవాడు, తన బుద్ధి మాత్రం మార్చుకునేవాడు కాదు. అలా సొంత లారీ పోయింది, ఆ తర్వాత ఇల్లు పోయింది, చివరికి గుండె ఆగి ఆయనే పోయాడు. లియోటా ఆయన వెనక కూర్చుని స్వెట్టర్లు అల్లిన ఏళ్ళు ఊరికే పోలేదు. ఆట ఎలా ఆడకూడదో ఆవిడకి కంఠతా వచ్చేసింది.

అంత్యక్రియలు ఆవిడ తమ్ముడు డెల్మర్ జరిపించాడు. బేకర్స్‌ఫీల్డ్‌లో తన ఇంట్లో వెనక గది ఖాళీగా ఉంది, వచ్చెయ్యమన్నాడు. ఆ గది ఎందుకు ఖాళీగా ఉందో లియోటాకి తెలుసు. మరదలికి మోకాళ్ళ నొప్పులు, ఇంట్లో వంటకి మనిషి లేదు. కాఫీ డబ్బాలో ఉన్న డబ్బు చూపించి, దీంతో ఆడుకుంటాను, ఇది ఖాళీ అయిన రోజున నోరెత్తకుండా నీ వెంట వస్తాను, అని మాటిచ్చింది. డెల్మర్ నవ్వి, వేసవి దాకా ఆగుతాలే అన్నాడు. వేసవులు వచ్చాయి, పోయాయి. డబ్బా ఖాళీ కాలేదు సరికదా, అద్దెకీ మాంసానికీ అందులోంచే వచ్చేది.

ఆ క్లబ్బులో ముక్కలు పంచే ఉద్యోగులుండరు, ఆడేవాళ్ళే వంతులవారీగా పంచుకుంటారు. ఏప్రన్ కట్టుకున్న అమ్మాయి అరగంటకోసారి వచ్చి కుర్చీ అద్దె వసూలు చేస్తుంది. అద్దె కట్టాం కదా, ఊరికే కూర్చోవడమెందుకని పనికిరాని ముక్కలతో కూడా పందెంలోకి దిగేవాళ్ళే అక్కడ ఎక్కువ. లియోటా అద్దె కట్టి, చెర్రీ పళ్ళ పై రొట్టె తింటూ, పందెంలోకి దిగకుండా ముక్కలు పారేస్తూ కూర్చునేది. మంచి చెయ్యి వచ్చినప్పుడే కదిలేది. నాలుగింటి బస్సు వేళకి గెలిచినా ఓడినా లేచిపోయేది.

అలాంటి మనిషికి ట్రాస్క్ తగిలాడు. ఇళ్ళ కప్పుల కాంట్రాక్టు చేసి మానేసినవాడు, నోటి దురుసు మనిషి. ఆ ఊరి ఆటలో మొదటి పందెం వెయ్యాలంటే చేతిలో కనీసం జాకీల జత ఉండాలి. ఆ తర్వాత అక్కర్లేని ముక్కలు ఒక్కసారి మార్చుకోవచ్చు. ట్రాస్క్ ఒకనాడు పందెం తెరిచి, ఒక్క ముక్క కూడా మార్చకుండా చాలన్నాడు. అలా చాలన్నాడంటే చేతిలో గట్టి సరుకున్నట్టే కదా. లియోటా చేతిలో ఉన్న మూడు పదులూ పారేసి ఆ ఆట వదులుకుంది. పందెం తెరిచినవాడు గెలిస్తే ఆ తెరిచిన ముక్కలు చూపించాలన్నది అక్కడి రూలు. ట్రాస్క్ చేతిలో ఉన్న ఐదూ పరిచాడు. రెండు జాకీలు, మిగతాది చెత్త. బల్లంతా నవ్వింది.

"మామ్మగారూ, మీ ఆయన ఇలాగే ఏడ్చేవాడట కదా," అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది ఆవిడకి. ఆ రోజు నుంచి ట్రాస్క్ చాలంటే చాలు, డబ్బు కట్టి చూడ్డం మొదలుపెట్టింది. చూసిన ప్రతిసారీ వాడి చేతిలో నిజంగానే సరుకుండేది. పోయిందాన్ని రాబట్టాలని వాడి వెంటే పెద్ద పందేల బల్లకి మారింది. ఒకరోజు నాలుగింటి బస్సు వదిలేసింది, ఇంకొకరోజు కొత్త పేక కావాలని ఏప్రన్ అమ్మాయి మీద విసుక్కుంది. ఆరిన్ వెనక కూర్చుని ముక్కున వేలేసుకున్న మనిషి ఆరిన్ కుర్చీలోనే కూర్చుంది. ఇంత తెలివైన మనిషి ఆ సంగతి తెలుసుకోకపోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. వసంతం వెళ్ళేసరికి డబ్బా అడుగు కనిపించింది.

మాట మాటే కాబట్టి డెల్మర్‌కి తనే ఫోన్ చేసింది. శనివారం మధ్యాహ్నం వాడు కారు వెనక ఖాళీ అట్టపెట్టెలు వేసుకుని నేరుగా క్లబ్బుకే వచ్చాడు. డబ్బాలో మిగిలిందంతా అప్పటికే పందెం బిళ్ళలుగా మారి లియోటా ముందుంది. ఇది కాస్తా అయిపోనీ, వెళ్దాం, అని వాణ్ణి ఆట బల్లల చుట్టూ ఉన్న కటకటాల అవతల నిలబెట్టింది. అయిపోతుందని ఇద్దరూ అనుకున్నారు.

కాసేపటికి ఆవిడకి ఆసుల జత, ఏడుల జత వచ్చాయి. ట్రాస్క్ పందెం తెరిచాడు, ముక్కలు మార్చకుండా చాలన్నాడు, పెద్ద పందెం తోశాడు. లియోటా చెయ్యి బిళ్ళల మీదికి పోయింది. అలా పోతున్న చేతిని చూసుకుంది. అచ్చం ఆరిన్ చెయ్యే, అదే తొందర. వీడు ఆ ఒక్కరోజు తప్ప నన్నెప్పుడు మోసం చేశాడు? నేను డబ్బు కడుతున్నది వీడి ముక్కలు చూడ్డానికా, అప్పుడు నవ్విన ఆ నోరు మూయించడానికా? ఆవిడకి వీడి మీద కాదు, తన మీద ఒళ్ళు మండింది. ముక్కలు బోర్లించి పారేసింది.

ట్రాస్క్ ఈసారి రూలు ప్రకారం చూపించాల్సినంతే చూపించాడు. రెండు జాకీలు. మిగతా మూడు బోర్లా పెట్టి వాటి మీద వేళ్ళతో తాళం వేశాడు.

"ఈ మూడూ ఏంటో తెలియక రాత్రికి నిద్ర పట్టదు మామ్మగారూ."

"నేను తొమ్మిదింటికే పడుకుంటాను నాయనా. పంచు."

కటకటాల అవతల డెల్మర్ తల కొట్టుకున్నాడు. వాడి దగ్గర ఏమీ లేదక్కా, నీ మొహం మీద నవ్వుతున్నాడు, అని అక్కణ్ణుంచే అన్నాడు. నవ్వనీ, అంది లియోటా వెనక్కి తిరక్కుండానే.

ముసలావిడ జడిసిపోయిందని ట్రాస్క్ నమ్మాడు. నమ్మినవాడు ఊరుకుంటాడా, చేతిలో ఏమున్నా లేకున్నా చాలనడం మొదలుపెట్టాడు. ఆవిడ పారేస్తూనే ఉంది. పారేసినప్పుడల్లా వాడికి హుషారు పెరిగింది. అప్పుడు ఆవిడకి మూడు తొమ్మిదులు వచ్చాయి. ట్రాస్క్ చాలన్నాడు, బిళ్ళలు గుట్టగా తోశాడు. లియోటా తొందర పడలేదు. చెర్రీ రొట్టె తుంచి నోట్లో పెట్టుకుని, నమిలి, కాఫీ తాగి, అంతకంత మధ్యలో పెట్టింది.

వాడి దగ్గర రెండు రాణులు ఉన్నాయి, అంతే.

ఎవరూ నవ్వలేదు. ట్రాస్క్ మొహం కందగడ్డ అయింది. కొత్త పేక తెమ్మన్నాడు, కుర్చీ మార్చాడు. తర్వాతి చేతుల్లో ఆవిడ మీదికే పందేలు తోశాడు, ఆవిడ దగ్గర సరుకున్నప్పుడే అందుకుంది, గెలిచింది. లియోటాకి వాణ్ణి చూస్తే గెలిచిన సంతోషం కంటే ముందు జాలి కలిగింది. ఎంతైనా ఆ వ్యాధి ఆవిడకీ తెలిసినదే.

డెల్మర్ కటకటాల మీదికి వంగాడు. "డబ్బా నిండింది కదా. లే అక్కా, ఇంక లే."

"నువ్వు లెమ్మన్నావని లేవడమూ, వాడు నవ్వాడని కూర్చోవడమూ ఒకటేరా. నా అరగంట ఇంకా ఉంది."

ఆ అరగంటంతా కూర్చుంది, దాదాపు అన్నీ పారేస్తూనే. ఏప్రన్ అమ్మాయి అద్దెకి వచ్చేసరికి బిళ్ళలు సంచీలో పోసుకుని లేచింది. గెలిచి పారిపోతారా, ఇంకో అరగంట కూర్చోండి, మీ అద్దె నేను కడతాను, అన్నాడు ట్రాస్క్. గొంతులో వెటకారం లేదు, బతిమాలుతున్నాడు.

"నాకు బస్సుంది," అంది లియోటా.

బిళ్ళలు డబ్బుగా మార్చుకుని బయటికొచ్చింది. డెల్మర్ కారెక్కమన్నాడు. ఆవిడ వెనక సీటులోని అట్టపెట్టెలు చూసి, అవి మీ ఆవిడకి ఇవ్వు, ఏ ఉల్లిపాయలకో పనికొస్తాయి, అంది. వంట సంగతి ఏమిటని వాడు అడగబోయి మానుకున్నాడు. బస్సు వచ్చేదాకా పక్కనే నిలబడ్డాడు, ఏదో మింగలేక కక్కలేక ఉన్నవాడిలా. బస్సు మలుపు తిరిగి వచ్చి ఆగేసరికి ఉండబట్టలేకపోయాడు.

"నిజం చెప్పక్కా. ఆ బోర్లించిన మూడూ ఏమై ఉంటాయంటావ్?"

లియోటా మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి చూసింది.

"అది తెలుసుకోడానికే మీ బావ ఓ లారీ, ఓ ఇల్లు పెట్టాడు. నాకక్కర్లేదు," అని బస్సెక్కింది.