నీటిగుంట మీద మందిరం

సుందరరావు మాస్టారు ప్రభువునందు నిద్రించారని గిద్దలూరు నుంచి ఆయన కుమార్తె ఫోన్ చేసేటప్పటికి మేము ఉదయ ప్రార్థన ముగించి చాపలు చుడుతున్నాము. జబ్బు ముదిరిన సంగతి ఎరిగినవాళ్లమే. అయినా చుట్టిన చాపలు మళ్లీ పరిచి ప్రార్థనకు కూర్చున్నాము.

నీళ్లు నిండిన మెత్తని నేల బరువు పడితే ఎంత కుంగుతుంది, ఎంత కాలానికి కుంగుతుంది అని ముందుగా లెక్కగట్టడం ఆయన విద్య. ఇంజనీరింగ్ కాలేజీలో దీర్ఘకాలం దాన్నే బోధించి, పదవీ విరమణ తర్వాత మార్కాపురంలో మా సంఘంలో చేరారు.

మందిరానికి మాకు దొరికిన స్థలం ఒకప్పటి నీటిగుంట. పల్లం పూడ్చాలంటే మా వైపు అందరూ చేసే పనే మేమూ చేశాము. పలకల క్వారీల దగ్గర కుప్పలు పడిన రాతిముక్కలు తోలించి నింపాము. నడిస్తే బండ మీద నడిచినట్టే ఉంది. పునాది తీయబోతుంటే మాస్టారు అడ్డుపడ్డారు. రాయి పైనే ఉంది, కింద బంకమన్ను నీళ్లతో ఉబ్బి ఉంది అన్నారు. మందిరం బరువుకు మించిన మట్టి దాని మీద గుట్టగా పోయించి, గుట్ట అడుగున ఆనించి, పైకి కనిపించేలా ఒక ఇనుప పైపు నిలబెట్టించారు. నీరు బయటికి పోయేకొద్దీ నేల కుంగుతుంది, పైపు దిగుతుంది. ఆ దిగడం ఆగాకే కట్టడం.

సంఘపెద్ద ఏసన్నకు ఓపిక తక్కువ. "ప్రార్థన చేసి మొదలుపెడితే దేవుడు నిలబెట్టడా, మాస్టారూ? మీరేంది, మట్టి పోసి మమ్మల్ని కూర్చోబెట్టినారు?"

"ఆ మట్టికి ఆ నిదానం ఇచ్చింది కూడా ఆయనే గదా, ఏసన్నా."

ఒక పండుగ విందు వంటల దగ్గర మా సంఘంలోని మరియమ్మ అడిగింది, ఇంకెన్నాళ్లని.

"గారెల పిండి జారైతే ఏం చేస్తావమ్మా?"

"గుడ్డలో మూటగట్టి మీద బండ పెడతా."

"నీళ్లు ఒక్కసారే పోతాయా?"

"యాడ పోతాయి! మొదట కారతాయి, ఆనక చుక్క చుక్క."

"నేల కూడా అట్లనే."

"అయితే మీ గారెలు దిగేటప్పటికి నాకు పళ్లుండవు, మాస్టారూ!"

అందరికంటే ఎక్కువగా నవ్వింది ఆయనే.

ఆ మందిరంలో ఒక్క ఆరాధనైనా చేసి పోవాలని ఆయన ఆశ. ఆ మాట నాతో పలుమార్లు అన్నారు. జబ్బుపడి కుమార్తె ఇంటికి చేరాక, పెద్దలము గిద్దలూరు వెళ్లాము.

ఏసన్న మంచం పక్కన కూర్చున్నాడు. "మాస్టారూ, వచ్చే ఆదివారం మొదలుపెడతాం. తొలి రాయి మీ చేత్తోనే. కారు పంపిస్తాం."

ఆయన కళ్లు తడిశాయి. తుడుచుకుని అడిగారు. "పైపు దిగతా ఉందా?"

ఏసన్న నా వైపు చూశాడు. అబద్ధం చెప్పలేకపోయాము.

"రవ్వంత దిగతా ఉంది," అన్నాడు ఏసన్నే.

"అయితే వద్దు, నాయనా. నేను పోయే తొందర వేరు. నా కోసమని గోడలు పగలనిస్తారా?"

ఆ తర్వాత ప్రార్థన చేయమన్నారు. చేశాము.

ఆయన్ను భూస్థాపన చేసి వచ్చిన కొన్ని నెలలకు, మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక గుట్ట దగ్గర నిలబడ్డాము. కొంతకాలంగా పైపు కదలడం లేదు. పునాది తీయిద్దామా అని ఒకరు అడిగారు. అందరమూ ఏసన్న వైపు చూశాము.

"ఆగిందంటే సాలునా? ఇంకేమన్నా సూడాల్నా?" అన్నాడు ఏసన్న. "ఎవర్ని అడుగుదాం?"

దేవునికి స్తోత్రం చెల్లించి ఇళ్లకు పోయాము. పని మొదలుపెట్టమని ఎవరమూ అనలేకపోయాము.