మా సమాధుల తోట... మీ పబ్లిక్ టాక్

ఆఖరి రోజు పొద్దున సునీత కొంచెం జావ తాగింది. మా పాప స్టెల్లాకు జడ తనే వేస్తానంది. చేతుల్లో బలం లేక సగంలో వదిలేసింది. మిగతాది నేను అల్లాను... వంకరగా. మధ్యాహ్నం నిద్రపోయింది. మళ్ళీ లేవలేదు.

మరునాడు నాచారంలో మా సంఘం సమాధుల తోటలో పూడ్చాం. స్టెల్లాకు ఎనిమిదేళ్ళు. తన చేత్తోనే మన్ను వేసింది. "మళ్ళొస్తం అమ్మా" అని చెప్పి వచ్చింది. భయపడలేదు.

ఎందుకు భయపడుతుంది? మా ఇళ్ళల్లో ఎవరం భయపడ్డాం గనుక?

మేం స్టెల్లా అంత ఉన్నప్పుడు... సమాధుల పండుగ ముందురోజే అమ్మ గూనలో సున్నం నానబెట్టేది. నీలిమందు కలిపేది. తెల్లారి నాన్న చేతిలో సున్నం బకెట్, అమ్మ నెత్తిన సద్ది ముల్లె, మా చేతుల నిండా బంతిపూలు. నానమ్మ సమాధి చుట్టూ గడ్డి పీకి, సున్నం వేసి, పక్కనే కూర్చుని సర్వపిండి తినేవాళ్ళం.

మా పెద్దమ్మ అయితే నానమ్మతో కొట్లాటకే దిగేది.

"ఏందత్తా, గిట్ల సల్లగ పండుకున్నవ్! నీ కొడుకు నా మాట ఇంటలేడు. జర కలలకొచ్చి రెండు తగిలియ్యి!"

పెదనాన్న కుంచె పక్కన పెట్టి నవ్వేవాడు. "బతికున్నప్పుడు మా అమ్మతోని మాటల్లేవ్. ఇప్పుడు సూడున్రి ఎంత ప్రేమనో!"

సునీతను మొదటిసారి చూసింది కూడా అక్కడే. వాళ్ళ తాత సమాధి మా వరుసలోనే. నా కొత్త అంగీ మీద సున్నం చల్లి, "దెయ్యం, దెయ్యం" అని అరుచుకుంటూ ఉరికింది.

పెద్దయ్యాక కూడా దెయ్యం సినిమాలంటే ఆమెకు ప్రాణం. అందుకే చెప్తున్నా, నాకు సినిమాల మీద పగ లేదు. ఇప్పుడు ఊరంతా మాట్లాడుకుంటున్న ఈ సినిమా మొదటి భాగం ఉప్పల్‌లో ఇద్దరం కలిసే చూశాం. తెర మీద దెయ్యం ఎవరి గొంతో కొరుకుతుంటే సునీత సమోసా తింటూ, "పాపం, దానికి పౌడర్ ఎక్కువైంది" అంది.

ఇప్పుడు రెండో భాగం వచ్చింది. చనిపోయిన తల్లి సమాధి పగలగొట్టుకుని కూతురి కోసం వస్తుంది. వచ్చి ఏం చేస్తుందో నేను రాయను. చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు... థియేటర్ బయట మైకు కనబడితే చాలు.

"పార్ట్ వన్ ఏం సాలదన్నా, దీంట్ల రక్తం మస్తుంది!"

"ఆ పిల్లను గుంతలకు గుంజే సీన్ ఉంటది సూడు... విజిల్సే విజిల్స్!"

"పిల్లల్ని గూడ తీస్కరాండ్రి. మదర్ సెంటిమెంట్ అదిరింది!"

మదర్ సెంటిమెంట్.

స్టెల్లా సినిమా చూడలేదు. ఈ మాటలే విన్నది. మా బామ్మర్ది మోజెస్ ఇంట్లో అన్నం తింటూ, వాడి ఫోన్లో... ఒకదాని తర్వాత ఒకటి.

పోయిన ఆదివారం, రాబోయే సమాధుల పండుగ కోసం సున్నం తేవడానికి బయలుదేరుతుంటే నా అంగీ పట్టుకుంది.

"డాడీ, నేను అమ్మ దగ్గరికి రాను."

"ఎందుకు బిడ్డా?"

"అమ్మ నన్ను లోపలికి గుంజుకుంటది."

మోజెస్‌కు ఆ మాట చెప్పాను.

"గది ఉత్త సినిమా బావా. పిల్లలు రెండ్రోజుల్ల మర్శిపోతరు. జర లైట్ తీస్కో."

"దానికి వాళ్ళమ్మంటే భయం పట్టుకుందిరా. మీ అక్కంటే."

వాడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

నిన్న నేనే వెళ్ళి రెండో భాగం చూశాను. నా కూతురి తలలో ఏం కూర్చుందో నాకు తెలియాలి కదా. బయటికి రాగానే మొహం మీదికి మైకు.

"సార్, ఎట్లుంది సినిమా?"

"నా భార్యను నేను పూడ్చాను. తల్లులు అట్లా రారు."

"అంటే... లాజిక్ మిస్సయిందంటరా సార్?"

నేను నడవడం మొదలుపెట్టాను.

"సార్, సార్... రేటింగ్ ఎంతిస్తరు?"

సాయంత్రానికి ఆ ముక్క ఫోన్లలో తిరుగుతోంది. 'అంకుల్ ఫైర్' అని పేరు పెట్టారు. కింద నవ్వే బొమ్మలు. ఒకడు రాశాడు... "జాగ్రత్త అంకుల్, ఆంటీ గూడ వస్తదేమో."

వస్తే బాగుండునని నేను రోజూ అనుకుంటున్నాను, బాబూ. నీకు నవ్వొచ్చింది.

సినిమా తీసినవాళ్ళను ఏమీ అనను. పెద్దలకు మాత్రమే అని ముందే రాశారు. మరి మైకు ముందు మాట్లాడిన మీరు? ఆ గుంత సీన్‌ను థియేటర్ మెట్ల మీద నిలబడి చేతులతో చేసి చూపించారే... ఎక్కడో ఒక పిల్ల కంచం ముందు కూర్చుని వింటుందని ఒక్కరికీ తట్టలేదా? తల్లి లేని పిల్లలు ఈ ఊళ్ళో లేరనుకున్నారా? పిల్లల్ని తీసుకురమ్మన్న పెద్దమనిషీ, నిన్నెవరు అడిగారు?

మాకూ దెయ్యాల కథలు చెప్పారు. కానీ మా మొహాలు చూస్తూ చెప్పారు. ఎవరి పెదవైనా వణికితే దెయ్యాన్ని అక్కడికక్కడే చంపేసి, దగ్గరికి తీసుకునేవాళ్ళు. ఇప్పుడు చెప్పేవాడికి వినేవాళ్ళ మొహం కనబడదు...

రేపు సమాధుల పండుగ. సునీత పోయాక మొదటిది. స్టెల్లా గేటు దాకా వస్తుందట, లోపలికి మాత్రం రాదట.

మీవాళ్ళు కూడా అక్కడే ఉంటే పిల్లల్ని వెంటబెట్టుకుని రండి. వాళ్ళను అరవనివ్వండి, ఉరకనివ్వండి. దూరంగా ఉన్నవాళ్ళు మీ చిన్ననాటి పండుగ ముచ్చట్లు కింద రాయండి. స్టెల్లాకు చదివి వినిపిస్తాను. సినిమా ఎట్లుందో మాత్రం రాయకండి.

సున్నం మోజెస్ వేస్తాడు. రేపు పొద్దున నేను గేటు బయట నా బిడ్డ చెయ్యి పట్టుకుని నిలబడతాను. తను లోపలికి అడుగు పెడితే నేనూ పెడతాను. లేకపోతే... పండుగ పూట నేనూ సునీత దగ్గరికి పోను.