మేక కపాలానికి మూడు చుట్లు

ఇరవై ఏళ్లు కావస్తోంది. ఒక నల్లదారం నా వేళ్లను వదలడం లేదు. మూరెడు దారం. దాని బరువెంత? తూకానికి కూడా రాదు. ఈ దేశంలో నేను భుజాన వేసుకుని లాగిన కేబుళ్లన్నీ ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. ఈ ఏర్పాటు నాకే అనుకూలం. నా ఏర్పాట్లన్నీ నాకు అనుకూలంగానే ఉంటాయి. పొరపాటు చేసిన మంచివాడి ఏడుపు వినాలని కూర్చుంటే లేచి వెళ్లండి. నేను చేసింది పొరపాటు కాదు, ఆవేశమూ కాదు. తీరుబడిగా, చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి చేశాను.

జెద్దాకు రెండు గంటల దూరంలో ఉన్న రాబిగ్‌లో రిఫైనరీ పక్కన కొత్త ప్లాంటు కడుతున్న రోజులవి. నేను కరీంనగర్ వైపు వాణ్ని, ఒక కాంట్రాక్టరు దగ్గర ఎలక్ట్రీషియన్ని. క్యాంపులో గదికి నలుగురం. నా పక్క మంచం ఖలీల్‌ది. కడప జిల్లా వాడు, నాకంటే ఆరేళ్లు చిన్న, ఐటీఐ చదివి వచ్చాడు. సైటు పనంతా నా దగ్గరే నేర్చుకున్నాడు. ఏడాది తిరగకుండా నాకంటే శుభ్రంగా చేయడం మొదలుపెట్టాడు. అప్పుడు నాకు కోపం రాలేదు. రాలేదా? రాలేదనే ఇన్నాళ్లూ అనుకున్నాను.

అతనికొక పిచ్చి ఉండేది. అమెరికాలో ఒక థ్రాష్ మెటల్ బ్యాండ్. పేరు రాయను, వాళ్లకూ నా పాపానికీ సంబంధం లేదు. ఆ సంగీతం ఎలా ఉంటుందంటే, గ్రైండరుతో ఇనుప పైపు కోస్తున్న మోతకు ఎవరో తాళం కట్టినట్టు ఉంటుంది. జెద్దాలో, బలద్ బజారులో, ఒక యెమెన్ ముసలాయన కొట్లో ఆ క్యాసెట్లు దొరికేవి. పైకి పెట్టేవాడు కాదు, కౌంటరు కింద అట్టపెట్టెలో ఉంచేవాడు. శుక్రవారం కంపెనీ బస్సు దిగి మేమంతా ఫోన్ కార్డులకూ చెప్పులకూ పోతే, ఖలీల్ ఆ పెట్టె ముందు గొంతుక్కూర్చునేవాడు. రెండేళ్లలో ఏడు క్యాసెట్లు పోగేశాడు. ఆ బ్యాండ్ అప్పటికి చేసినవి ఏడే.

బలద్ నుంచి తిరిగొచ్చి అన్నం తిన్నాక నాకు పాఠం మొదలయ్యేది. మిగతా ఇద్దరూ దుప్పటి ముసుగేసుకునేవారు. మొదటి ఆల్బమ్ ఒక కార్ల రిపేరు షెడ్డులో పదకొండు రోజుల్లో చేశారట. రెండోదానికి పేరొచ్చింది. మూడోదానికి డబ్బొచ్చింది, తగాదాలూ వచ్చాయి. నాలుగోది అన్నిటికంటే గొప్పది. దాని అట్ట మీద కొవ్వొత్తుల నడుమ కొమ్ములున్న మేక కపాలం. అది అయ్యాక డ్రమ్మరు అలిగి వెళ్లిపోయి ఇళ్లకు పైకప్పులు వేసే పనిలో చేరాడు. ఐదోది వేరేవాణ్ని పెట్టి చేశారు. వేగం తగ్గింది, అభిమానులు ఛీ కొట్టారు. ఆరోదాన్ని ఎవరూ కొనలేదు, రికార్డు కంపెనీ వాళ్లను వదిలించుకుంది. ఏడోది సొంతంగా చేసుకుని వ్యానులో ఊరూరా తిరిగి అమ్ముకున్నారు. ఆ డ్రమ్మరేదో తన మేనమామ అయినట్టు ఖలీల్ బెంగపడేవాడు. ఎప్పటికైనా తిరిగొస్తాడని అనేవాడు.

నేను వినేవాణ్ని. విన్నానంటే ఇష్టంతో కాదు. ఒక మనిషికి అంత ఇష్టమైనది ఒకటి ఉండటం ఏమిటో చూద్దామని. నాకు అలాంటిది లేదు. పని, తిండి, నిద్ర. నలభై గంటల ఓవర్‌టైము వచ్చినా నా ముఖం అలా వెలగలేదు. అతనికి ముప్పావు గంట క్యాసెట్టు చాలు.

అలా ఉండగా సైటుకు ఒక అమెరికన్ సేఫ్టీ ఇంజనీరు వచ్చాడు. ఒకనాడు మా పని చూస్తూ, హెల్మెట్ మీద వేళ్లతో ఏదో తాళం వేస్తున్నాడు. ఖలీల్ చేతిలోది కింద పెట్టి అది నాలుగో ఆల్బమ్‌లో మొదటి పాట అని చెప్పేశాడు. ఇక చూడాలి ఆ ఇద్దరి సంబరం. పది నిమిషాలు కేబుల్ డ్రమ్ము పక్కన నేనొక కేబుల్ డ్రమ్ములా నిలబడ్డాను. ఉండలేకపోయాను. నాకొచ్చిన ఇంగ్లీషులో, ఐదో ఆల్బమ్‌లో ఆ పాత డ్రమ్మరు ఇరగదీశాడు కదా సార్ అన్నాను.

ఇద్దరూ నన్ను చూశారు. ఐదోదాని నాటికి ఆ డ్రమ్మరు పైకప్పుల మీద ఉన్నాడు కదా. ఇద్దరూ ఒకేసారి నవ్వారు. ఖలీల్ నా భుజం తట్టి, అన్నకు ఏమీ తెలియదు సార్, నేను పెడితే వింటాడు అంతే అని చెప్పాడు. ప్రేమగానే చెప్పాడు.

ఇంతే. ఇంకేదో పెద్ద కారణం ఉంటుందనుకున్నారా? నేనూ ఏళ్ల తరబడి వెతికాను. ప్రమోషన్ కోసమని చెప్పుకున్నాను, ప్రమోషన్ లేదు. మతం అని కూడా ఒకసారి చెప్పుకోబోయాను, సిగ్గేసి మానేశాను. ఒక నవ్వు, భుజం మీద ఒక చెయ్యి. నా ఖరీదు అంత.

ఇప్పుడు మా క్యాంపు అలవాటు ఒకటి చెప్పాలి. గదుల్లో వంట నిషేధం కాబట్టి హాట్‌ప్లేట్ల కోసం నెలకోసారి తనిఖీ జరిగేది. తాళం వేసిన పెట్టెలు కనిపిస్తే పగలగొట్టేవారు. అందుకని ఆ పూట గదిలో ఉండే వాడికి మిగతా ముగ్గురూ తాళంచెవులు అప్పగించి పనికి పోయేవారు. ఆ నెల వంతు నాది.

ఖలీల్ పెట్టెలో క్యాసెట్లు కాక ఇంకొకటి ఉందని నాకు మాత్రమే తెలుసు. అతని తల్లి పంపిన తాయెత్తు. దర్గాలో కట్టించింది. గళ్లు గీసి అంకెలు వేసిన కాగితం, రాగి రేకు, నల్లదారం. మన దగ్గర అది పసిపిల్ల మొలకు కూడా ఉంటుంది. ఇక్కడ అది చేతబడి సామాను. ఖలీల్‌కు ఆ సంగతి తెలుసు. అమ్మ మనసు నొప్పించలేక మేజోడులో చుట్టి అడుగున దాచాడు. ఈ శుక్రవారం సముద్రంలో వేస్తానని ప్రతి శుక్రవారం అనేవాడు.

చాయ్ తాగాను. పెట్టె తెరిచాను. పైన నీలం కర్టెన్లు ఉన్నాయి. అతని ఇఖామాలో, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డులో, వృత్తి మారింది, దాంతో భార్య షమీమ్‌కు ఫ్యామిలీ వీసా వచ్చింది, రాబిగ్ ఊళ్లో రెండు గదుల ఇల్లు మాట్లాడుకున్నాడు. ఆ కిటికీల కోసం కొన్న కర్టెన్లు. మడత చెదరకుండా పక్కన పెట్టాను. అడుగు నుంచి తాయెత్తు తీశాను. నాలుగో ఆల్బమ్ క్యాసెట్టు తీశాను. ఆ నల్లదారాన్ని మేక కపాలం చుట్టూ మూడు చుట్లు చుట్టి, అంకెల కాగితాన్ని విప్పి దాని కింద దోపాను. ఒక చుట్టు చాలదా? చాలు. రెండోది ఎందుకు చుట్టానో, మూడోది ఎందుకు చుట్టానో అడగండి. బాగుందని. చూడటానికి బాగా కుదిరిందని. క్యాసెట్లు మాత్రమే దొరికితే తిట్టి లాక్కునేవారు, అంతటితో పోయేది. నాకు అంతటితో పోవడం ఇష్టం లేదు.

తనిఖీకి వచ్చిన క్యాంప్ బాస్ ఈజిప్టు మనిషి. పెట్టె తెరవగానే రెండడుగులు వెనక్కి వేసి ఏదో దువా చదువుకున్నాడు. ఎవరిదని అడిగాడు. పేరు చెప్పలేదు నేను. మంచం నంబరు చూపించాను. తడిగుడ్డతో గొంతు కోయడం అంటారే, ఆ గుడ్డ పిండిన చప్పుడు కూడా రానివ్వలేదు.

ఖలీల్‌ను పోలీసులు సైటు నుంచి పని బూట్లతోనే తీసుకుపోయారు. పంతొమ్మిది రోజులు లాకప్పులో. ఆ తర్వాత ఖురూజ్, అంటే ఇక తిరిగి రాకుండా పంపేసే కాగితం. షమీమ్ వీసా దాంతోపాటే పోయింది. సామాను తీసుకోవడానికి ఒక మధ్యాహ్నం అరగంట గదికి తెచ్చారు. గుమ్మంలో సెక్యూరిటీ మనిషి. గదిలో మేమిద్దరమే.

"అన్నా, నా క్యాసెట్ ప్లేయర్ నీ దగ్గరే ఉండాది కదా?"

ఉంది. ఐదో ఆల్బమ్‌తో సహా. నవ్వులపాలైన మర్నాడే అడిగి తీసుకున్నాను, డ్రమ్మరు తేడా పట్టుకుందామని. మిగతా ఆరూ పోయాయి.

"ఉన్నది. పోయేటోళ్లతోని పంపిస్త తియ్యి."

"వద్దన్నా. ఇంగ యాడన్నా పట్టుకుంటే సచ్చినాను. నువ్వే దాచిపెట్టుకో. అదొక్కటన్నా మిగిలింది."

బట్టలు కుక్కుతున్నాడు. కర్టెన్లు చేతిలోకి తీసుకుని కాసేపు చూసి నా మంచం మీద పెట్టాడు. మా గదికి ఒక్కటే కిటికీ. అయినా పెట్టాడు.

"అన్నా, ఒక మాట. ఆ దారం నేను చుట్టలేదు. తాయెత్తు మేజోడులో పెట్టినా. అమ్మతోడు. ఎవురు చుట్టినారో తెలీకుండా ఉండాది."

"క్యాంప్ బాసే చుట్టుంటడు. వానికి మనోళ్లంటే పడది గదా."

"వానికి నేనేం చేసినాన్నా?"

పెట్టె జిప్పు లాగి, నిలబడి, నా చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు పైలం అన్నా. వాడు మన రూము మీద కన్నేసినాడు. నీ జోలికీ వస్తాడు."

నన్ను జాగ్రత్తగా ఉండమన్నాడు. నాకు ఆ క్షణంలో ఏమనిపించిందో రాయాలి, లేకపోతే ఇదంతా దండగ. బాధ కాదు. గెలిచాననిపించింది. నాకేమీ తెలియదన్నవాడు, ఇప్పుడు ఏమీ తెలియకుండా నా ముందు నిలబడ్డాడు. ఎవరికి ఏమీ తెలియదు, ఖలీల్? లోపల అదే మాట అనుకున్నాను. పైకి అతని పెట్టె బస్సు దాకా మోశాను.

బాధ తర్వాత వచ్చింది, మెల్లగా, పాత తేలు కుట్టినచోట చలికి సలుపు లేచినట్టు. ఖలీల్ ఊళ్లో బోరు మోటార్లకు వైండింగ్ కట్టే కొట్టు పెట్టాడు. దుబాయికీ కువైటుకీ ప్రయత్నించి, పాత కేసు బయటపడుతుందని భయపడి మానుకున్నాడు. నెలకో రెండు నెలలకో ఫోన్ చేస్తాడు. ఒకసారి మాటల మధ్యలో చెప్పాడు, వాళ్లమ్మ ఆ తర్వాత చనిపోయేదాకా దర్గా గడప తొక్కలేదట. నా చేతులతో పంపిన తాయెత్తే నా కొడుకు అన్నం తీసేసింది అనుకుంటూ పోయిందట. ఆమెను నేను ఎన్నడూ చూడలేదు. ఆమె పంపిన నిమ్మకాయ ఊరగాయ మాత్రం రెండేళ్లు తిన్నాను.

మరి నేనేం చేశాను? ఆ ఐదో ఆల్బమ్ విన్నాను. అభిమానులు ఛీ కొట్టిన ఆ ఒక్కదాన్నే వందలసార్లు విన్నాను. మొదట శిక్ష అనుకుని విన్నాను. తర్వాత, చెప్పడానికే అసహ్యంగా ఉంది, నచ్చింది. వేగం తగ్గినచోట ఆ గొంతులో అలసట ఉంటుంది, అదింకా బాగా నచ్చింది. స్మార్ట్‌ఫోన్లు వచ్చాక మిగతావన్నీ సంపాదించాను. ఇప్పుడు ఆ బ్యాండ్ గురించి ఏమడిగినా చెబుతాను. డ్రమ్మరు నిజంగానే తిరిగొచ్చి ఎనిమిదోది వాయించాడని ఖలీల్‌కు మొదట చెప్పింది నేనే. అతని ఉద్యోగం పోగొట్టాను, ఇల్లు పోగొట్టాను, ఆఖరికి అతని పిచ్చిని కూడా నేనే తొడుక్కుని తిరుగుతున్నాను.

మొన్న చలికాలంలో ఆ బ్యాండ్ ఈ దేశానికి వచ్చింది. నమ్మండి నమ్మకపోండి, జెద్దా బయట మైదానంలో స్టేజీ కట్టారు. ఇప్పుడు నేను జనరేటర్లు అద్దెకిచ్చే వాళ్ల దగ్గర పని చేస్తున్నాను, ఆ స్టేజీకి కరెంటు మాది. మూడు దాటాక చదివే అసర్ నమాజు అయ్యాక వాళ్లు సౌండ్ చెక్ మొదలుపెట్టారు. తెర మీద, నాలుగు అంతస్తుల ఎత్తున, కొవ్వొత్తుల నడుమ మేక కపాలం. పోలీసులు దాని ముందు నిలబడి ఫోటోలు దిగుతున్నారు. ఇక్కడి కుర్రాళ్ల చొక్కాల మీద అదే మేక.

ఖలీల్‌కు వీడియో కాల్ చేశాను. ఎందుకు చేశాను? సంతోషపెట్టాలనా? ఏమో. ఎలా ఉంటాడో చూడాలని కూడా కావచ్చు. నా బుద్ధి నాకు తెలుసు.

కొట్లో రాగి తీగ చేతికి చుట్టుకుని కూర్చున్నాడు. జుట్టు నెరిసింది. కెమెరా స్టేజీ వైపు తిప్పాను. నరాలు తేలిన చేతులతో ఆ ముసలి డ్రమ్మరు కొడుతున్నాడు. ఖలీల్ ఏడ్చాడు, నవ్వాడు, కొట్లో వాళ్లందరినీ పిలిచి చూపించాడు. ఒక్క క్యాసెట్టును ఇన్నేళ్లు దాచిన మనిషి అని నా గురించి వాళ్లకు చెప్పాడు. తర్వాత మేకను చాలాసేపు చూసి అన్నాడు:

"అన్నా, ఆ దారం చుట్టినోడు ఇంకా బతికుంటే వాణ్ని పిలిచి చూపీన్నా ఈ మేకను. నేను చూపించమన్నానని చెప్పు."

ఫోన్‌లో కెమెరాను తిప్పే బొత్తం ఒకటి ఉంటుంది. నా బొటనవేలు దాని మీదే ఉంది. నొక్కాను. తెర మీద నా ముఖం వచ్చింది, వెనకాల మేక. అతని కళ్లలోకి చూశాను. ఎంతసేపో చెప్పలేను.

"ఏందన్నా, ముసలోడివైపోయినావే," అని నవ్వాడు ఖలీల్.

నేనూ నవ్వాను. కాల్ పెట్టేశాను. ఆ రాత్రంతా జనరేటరుకు డీజిల్ పోస్తూనే ఉన్నాను.

అతనికి చెప్పను. చెప్పి క్షమాపణ అడిగితే ఇస్తాడు, అలాంటివాడు. అది తీసుకునే ముఖం నాకు లేదు, ఇవ్వమని అడిగే హక్కు అంతకన్నా లేదు. మీకు మాత్రం చెప్పాను. ఇది రాయడం మొదలుపెట్టినప్పుడు కుడిచేతి వేళ్లు బిగుసుకుని ఉన్నాయి, ఇప్పుడు కొంచెం వదులయ్యాయి. నాకు దక్కింది ఆ కాస్తే.

దారం చుట్టింది నేను.