ఎదురు బాల్కనీ అక్క

నేను గోరంతను కొండంత చేస్తానని ముందే ఒప్పుకుంటున్నాను. లాక్‌డౌన్ రోజుల్లో, జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్‌లో మా ఎదురు బాల్కనీ అక్క కనుబొమ్మలెత్తితే మబ్బులు పక్కకు జరిగేవి. అంతకుముందు ఆమె మెల్‌బోర్న్‌లో పిల్లలకు ఆస్లాన్, అంటే ఆస్ట్రేలియా సైగల భాష, నేర్పేది. మెల్‌బోర్న్‌లోనే ఉన్న మా చెల్లెలి కూతురికి చెవులు వినపడవు; ఆ పిల్లతో మాట్లాడాలని మా పాప పట్టుబట్టడంతో బాల్కనీ నుంచి బాల్కనీకి బడి మొదలైంది. పాపకన్నా ముందు నేనే నేర్చేసుకున్నాను.

"చేతి ఆకారం మంచిగుంది, పెట్టిన చోటు మంచిగుంది, కదలిక మంచిగుంది. మొహమేది బిడ్డా?" రోజూ అక్కది ఇదే మాట.

"మమ్మీ మంకీ టోపీ పెట్టింది ఆంటీ!"

"పైకి జరుపు. కనుబొమ్మ లేవకుంటే అడిగినట్టెట్లయితది?"

ఆదివారం బాల్కనీలోంచే వీడియో కాల్ చేసి, పాప టోపీ పీకేసి, కనుబొమ్మలెత్తి "ఆడుకుందామా?" అని సైగ చేసింది. ఎదురుగా అక్క కనుబొమ్మలూ లేచాయి. ఫోన్లో పిల్ల చేతులు గంటసేపు ఆగలేదు.

అంతా నిజమే, నేను నేర్చుకున్నానన్నదే కల్పన. ఆ పిల్ల నాతో మాట్లాడాలంటే ఇప్పటికీ ముందు పాపను పిలవమంటుంది.